కొండ మానేశారు, కారు మానలేదు

ఈసారి ఉత్తరం రాసినావిడ వయసు 38. పేరు, ఊరు వద్దన్నారు. ఆరు పేజీలు రాశారు, కుదించి చెబుతాను.

ఆవిడకి కాలేజీ రోజుల నుంచి కొండలెక్కడం ఇష్టం. పదేళ్ల పాటు నెలకి రెండు ఆదివారాలు, మొత్తం నలుగురు స్నేహితులు ఒకే కారులో తెల్లవారకముందే బయల్దేరి, 140 కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండలకి వెళ్లి, చీకటి పడేసరికి తిరిగొచ్చేవాళ్లు. రెండేళ్ల క్రితం వాతావరణ మార్పుల గురించి చదవడం మొదలుపెట్టాక ఆవిడ జీవితంలో చాలా మారింది. ప్లాస్టిక్ తగ్గించారు, విమానం ఎక్కడం మానేశారు, కొత్త బట్టలు దాదాపు కొనట్లేదు. ఆ వరసలోనే, సరదా కోసం అంత పెట్రోలు తగలెయ్యడం తప్పనిపించి కొండలకి వెళ్లడం కూడా మానేశారు.

ఆఖరిసారి వెళ్లినప్పుడు ఒక గొడవ జరిగింది. కొండ మీద బండరాయి పక్కన కూర్చుని ఉండగా కారు నడిపిన స్నేహితుడు నారింజ ఒలిచి తొక్క పొదల్లోకి విసిరాడు. ఈవిడ మాట్లాడకుండా లేచి, ముళ్లలోకి చెయ్యిపెట్టి ఆ తొక్క తీసి తన బ్యాగులో వేసుకున్నారు. "అది కుళ్లిపోయేదే కదా" అన్నాడతను. "నువ్వు నడిపిన కారు పొగ కూడా కుళ్లిపోతుందా?" అన్నారీవిడ. దిగేటప్పుడు ఎవరూ మాట్లాడుకోలేదు. ఇంటికి చేరేదాకా కారులో పాటలు కూడా పెట్టలేదట.

ఇప్పుడు ఏడు కిలోలు పెరిగారు. నడుం నొప్పి, నిద్ర సరిగా లేదు. భర్త "భూమిని నువ్వు చూసుకుంటున్నావు సరే, నిన్నెవరు చూసుకుంటారు?" అంటున్నారు. పదకొండేళ్ల కొడుకు "అమ్మతో పార్కుకి వెళ్తే చెత్త ఏరిస్తుంది" అని రావడం మానేశాడు. ఇంట్లోనే నడవడానికి ట్రెడ్‌మిల్ కొనాలా అని ఆలోచిస్తున్నారు. పాత షూస్ వాడాలా కొత్తవి కొనాలా, ఫ్లీస్ జాకెట్ (పాలిస్టర్‌తో చేసిన ఉన్నిలాంటి మెత్తటి చలికోటు) ఉతికితే ప్లాస్టిక్ పోగులు నీళ్లలో కలుస్తాయట, దాన్నేం చెయ్యాలి అంటూ పేజీన్నర రాశారు. చివర ఇలా ఉంది: "గుమ్మం పక్క అరలో నా కొండ షూస్ ఉన్నాయి. ఆఖరిసారి అంటిన మట్టి ఇంకా అలాగే ఎండిపోయి ఉంది. చూసినప్పుడల్లా ఏడుపొస్తుంది. బయట తిరగడం, భూమికి బరువు కాకుండా బతకడం, రెండూ కుదరవా?"

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ బాధ కనపడింది. రెండోసారి మూడో పేజీలో ఒక లైను కనపడింది: "ఆఫీసు 9 కిలోమీటర్లు, కారులోనే వెళ్తాను, అది ఎలాగూ తప్పదు కదా." అంతే, ఆ లైను రాసేసి మళ్లీ షూస్ సంగతికి వచ్చేశారు.

పేజీన్నర షూస్ మీద, ఒక్క లైను ఆఫీసు కారు మీద. అందుకే ముందు కాగితం మీద లెక్క వేద్దాం. మీ మనసు బాగోలేనప్పుడు లెక్కలేమిటి అనుకోకండి. మీరు కొండలు మానేసింది లెక్క ప్రకారమే అనుకుంటున్నారు కాబట్టి, ఆ లెక్క సరైనదో కాదో చూడాలి.

లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఆ కారు లీటరుకి 14 కిలోమీటర్లు ఇస్తుందని మీరే రాశారు. రానూపోనూ 280 కిలోమీటర్లకి 20 లీటర్లు, అంటే 46 కిలోలు. నలుగురు పంచుకుంటే మీ వాటా పదకొండున్నర కిలోలు. నెలకి రెండు చొప్పున ఏడాదికి 24 సార్లు వెళ్తే మీ పేరు మీద పడేది 276 కిలోలు.

ఇక ఆఫీసు. రోజుకి 18 కిలోమీటర్లు, ఏడాదికి 240 పనిదినాలు వేసుకుందాం: 4,320 కిలోమీటర్లు. ట్రాఫిక్‌లో కారు 12 మించి ఇవ్వదనుకుంటే 360 లీటర్లు. అంటే 828 కిలోలు. కారులో మీరు ఒక్కరే కాబట్టి పంచుకోవడానికి ఎవరూ లేరు.

మీరు మానేసినదానికి మానకుండా ఉన్నది సరిగ్గా మూడింతలు.

మిమ్మల్ని తప్పుపట్టడానికి చెప్పట్లేదు. ఇలా అందరికీ జరుగుతుంది. మనం మానేద్దామని చూసేటప్పుడు చెయ్యి ముందు సరదాల మీదకే పోతుంది. సంతోషంగా చేసే పని మీద ఎప్పుడూ కాస్త అనుమానం ఉంటుంది, విసుగ్గా చేసే పని మాత్రం "తప్పదు" ఖాతాలోకి వెళ్లిపోతుంది. ఆఫీసుకి కారులో వెళ్లడం మీకు ఏ ఆనందమూ ఇవ్వదు కాబట్టి అది పాపంలా అనిపించలేదు. కొండ ఎక్కితే ఆనందం కాబట్టి దాన్ని ముందు కోసేశారు.

ఇంకొకటి. నడకకీ ప్రయాణానికీ మీరు ముడి పెట్టేశారు. కొండ ఎక్కడంలో పొగ లేదు, కొండ దాకా వెళ్లడంలో ఉంది. ఆ రెంటినీ కలిపి "బయట తిరగడం" అని పేరు పెట్టి మొత్తంగా పక్కన పెట్టారు. తలుపు తీసుకుని వీధి చివరి చెట్టు దాకా నడిచినా బయట తిరగడమే కదా, అది ఎందుకు మానేశారు? నేను అడిగితే మీరు చెప్పేది ఊహించగలను: "అదొక తిరగడమా?" అదే అసలు చిక్కు. మీకు కొండ కావాలి, లేకపోతే ఏమీ వద్దు. ఆ పట్టుదల పర్యావరణం నేర్పింది కాదు, మీలో ముందునుంచీ ఉన్నదే.

ఇప్పుడు మీ ముందున్న దారులు చెబుతాను. ఇవన్నీ చెయ్యాలని కాదు, ఒకదాన్ని తీసుకున్నా చాలు.

నాకు అన్నిటికంటే ఎక్కువ ఆశ కనిపించేది ఆఫీసు దారిలోనే. 9 కిలోమీటర్లు సైకిల్ మీద నింపాదిగా తొక్కితే సుమారు 36 నిమిషాలు. ట్రాఫిక్‌లో కారుకి ఎంత పడుతుందో మీకే తెలుసు. వారానికి రెండు రోజులు అలా వెళ్లొస్తే 144 నిమిషాలు. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. అంటే విడిగా టైమ్ తియ్యకుండానే దాదాపు అక్కడికి చేరుతున్నారు. ఆ రెండు రోజులు కారు తియ్యకపోతే ఏడాదికి మిగిలేది 330 కిలోలు. మీ కొండల వాటా మొత్తం కలిపినా అంత లేదు.

దీని కష్టనష్టాలు కూడా చెప్పాలి. చెమటతో ఆఫీసుకి చేరతారు, అక్కడ ఒక జత బట్టలు పెట్టుకోవాలి. వర్షంలో కుదరదు. పెద్ద రోడ్డు మీద లారీల మధ్య సైకిల్ తొక్కడం ప్రమాదం, దానికితోడు శ్రమ చేస్తున్నప్పుడు ఊపిరి ఎక్కువ పీలుస్తాం కాబట్టి పొగ కూడా ఎక్కువ లోపలికి పోతుంది. కిలోమీటరు ఎక్కువైనా లోపలి వీధులు వెతుక్కోండి. గాలి నాణ్యత సూచీ బాగా పెరిగిన రోజున సైకిల్ వద్దు. చలికాలంలో తెల్లవారుజాము గాలి స్వచ్ఛంగా ఉంటుందనుకుంటాం గానీ, చల్లగాలి నేలకి ఆనుకుని నిలిచిపోవడం వల్ల పొగంతా కిందే చిక్కుకుని, చాలాచోట్ల పొద్దెక్కాకే కాస్త తేటపడుతుంది. మొదటిసారి ఆదివారం పూట, ఆఫీసు లేని రోజున, ఆ దారిలో ఒకసారి వెళ్లి చూడండి. సరిగ్గా ఎక్కడ భయం వేస్తుందో తెలుస్తుంది. దారి అసలు బాగోలేదంటే సైకిల్ వదిలేసి బస్సో రైలో చూసుకోండి, రెండు స్టాపుల ముందు దిగి నడవండి. అదీ సగం పని చేస్తుంది. నడుం నొప్పి వల్ల భయంగా ఉంటే బ్యాటరీ సైకిల్ ఉంది, ఒక యూనిట్ కరెంటుతో సుమారు 60 కిలోమీటర్లు పోతుంది. తొక్కడం ఎలాగూ మనమే తొక్కాలి, అది ఊతం ఇస్తుందంతే.

నడుం నొప్పి అన్నాను కాబట్టి ఇక్కడే చెబుతాను. నొప్పి కాల్లోకి పాకుతున్నా, తిమ్మిరి ఉన్నా, రాత్రిపూట నిద్రలేపుతున్నా ముందు డాక్టరుకి చూపించుకోండి. అవేవీ లేకపోతే పది, పదిహేను నిమిషాల నడకతో మొదలుపెట్టండి. రెండేళ్ల క్రితం నాటి మీ కాళ్లతో ఇవాళ్టి మీ కాళ్లని పోల్చుకోకండి.

రెండో దారి దగ్గరి చోట్లు. మీకిది నచ్చదని తెలుసు. కానీ 2019లో ఇంగ్లండ్‌లో సుమారు 20,000 మంది వివరాలు తీసుకుని చేసిన ఒక అధ్యయనం ఉంది. వారానికి రెండు గంటలు, అంతకు మించి చెట్లూ నీళ్లూ ఉన్నచోట గడిపినవాళ్లలో తమ ఆరోగ్యం, మనసు బాగున్నాయని చెప్పినవాళ్లు ఎక్కువ. ఆ రెండు గంటలు ఒకేసారి గడిపినా, ముక్కలుగా గడిపినా తేడా కనపడలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువ బయటికి వెళ్తారేమో అన్న అనుమానం ఉండనే ఉంది, కాబట్టి దీన్ని మందు చీటీలా తీసుకోనక్కర్లేదు. కానీ కొండ దాకా వెళ్తేనే లెక్కలోకి వస్తుందన్న మీ నమ్మకానికి మాత్రం ఇది ఎదురు నిలుస్తుంది.

దగ్గరి చోటుతో ఇబ్బంది విసుగు. అదే గట్టు, అదే చెట్టు. దీనికి నాకు తెలిసిన మందు ఒకటే, ఒకేచోటికి పదేపదే వెళ్లడం. నేను నడిచే దారిలో ఒక పాత మర్రి ఉంది. ఆరు నెలలు దాన్ని పట్టించుకోలేదు. ఒకరోజు దాని కింద షూ లేసు కట్టుకోవడానికి వంగితే నేలంతా చిన్న చిన్న ఎర్ర పండ్లు, సగం కొరికి పడేసినవి. తలెత్తితే పైన చిలకలు, ఆకుల రంగులో కలిసిపోయి, నోరు మెదపకుండా తింటున్నాయి. అన్ని రోజులూ అవి అక్కడే ఉండేవేమో. కొండలు మీకు ఈ చూపు ఇప్పటికే ఇచ్చాయి, నాకంటే త్వరగా కనిపెడతారు.

మూడోది, మళ్లీ కొండలే. అవును, వెళ్లొచ్చు. నెలకి రెండుసార్లు వెళ్లి ఒక్కరోజులో తిరిగొచ్చే బదులు రెండు నెలలకోసారి వెళ్లి ఒక రాత్రి ఉండి రండి. ఏడాదికి ఆరు ప్రయాణాలు, మీ వాటా 69 కిలోలు, ఇదివరకటిలో నాలుగో వంతు. కొండ మీద గడిపే టైమ్ మాత్రం నాలుగో వంతుకి పడిపోదు, ఎందుకంటే ఇదివరకు రోజులో సగం కారులోనే పోయేది. కొండ దగ్గరి దాకా బస్సో రైలో ఉంటే ఇంకా తగ్గుతుంది. దీనికి మీరు కట్టాల్సింది వేరే ఉంది: రాత్రి ఇంట్లో ఉండరు, ఆ మాట ముందే భర్తతో అనుకోవాలి. పైగా గ్రూపులో మిగతావాళ్లకి రెండు రోజులు కుదరాలి. ఇక్కడే అసలు గొడవ దగ్గరికి వస్తున్నాం.

తొక్క విషయంలో మీదే కరెక్టు. నారింజ తొక్క కుళ్లుతుంది నిజమే, కానీ ఎండ, గాలి తగిలే రాళ్ల మధ్య దానికి నెలలు పడుతుంది. ఈలోపు తినుబండారాల వాసనకి అలవాటుపడ్డ జంతువులు దారి పక్కనే తచ్చాడటం మొదలుపెడతాయి. తెచ్చుకున్నది తిరిగి తీసుకెళ్లాలన్నది కొండలెక్కేవాళ్లకి కొత్త కాదు. ఎవరెస్ట్ ఎక్కేవాళ్లు ఒక్కొక్కరు 8 కిలోల చెత్త కిందికి తేవాలని 2014లో నేపాల్ ప్రభుత్వం ఏకంగా నియమమే పెట్టింది.

కారు మాట మాత్రం మీరు అనకుండా ఉండాల్సింది. ఆ కారులోనే మీరు వెళ్లారు, ఆ కారులోనే తిరిగొచ్చారు. నలుగురి పొగనీ ఒక్కడి నెత్తిన పెట్టారు, అదీ తెల్లవారుజామున లేచి అందరికోసం నడిపినవాడి నెత్తిన. అతనికి గుచ్చుకున్నది నారింజ తొక్క సంగతి అయ్యుండదు. మీరు మాట్లాడకుండా లేచి ముళ్లలో చెయ్యి పెట్టారు చూడండి, అదీ, ఆ తర్వాత అన్న మాటా. నోటితో "తీసుకెళ్దాంరా" అంటే సరిపోయేదానికి మీరు అందరి ముందూ ఒక దృశ్యం చేసి చూపించారు. నాకు అర్థమైంది, కోపంలో ఉన్నప్పుడు నేనూ గిన్నెలు అవసరానికి మించి చప్పుడు చేస్తూ కడుగుతాను.

అతనితో మాట్లాడాలనుకుంటే ఫోన్ చేసి "ఆ రోజు కారు మాట అనకుండా ఉండాల్సింది, సారీ" అనండి. దాని వెనక "కానీ" అని ఇంకేమీ చేర్చకండి. తొక్క విషయం ఎత్తకండి. మళ్లీ కలిసి వెళ్లే రోజు వస్తే, బయల్దేరేముందే "చెత్తకి ఒక సంచి నా దగ్గరుంది" అని చెబితే చాలు, విసిరాక చెప్పేదానికీ దీనికీ చాలా తేడా ఉంటుంది. ఇలా మాట్లాడితే అంతా సర్దుకుంటుందని నేను హామీ ఇవ్వలేను. రెండేళ్లయింది, వాళ్లు ఈపాటికి వేరేవాళ్లని కలుపుకుని ఉండొచ్చు, లేదా అతను "పర్లేదులే" అని పొడిగా అనేసి పెట్టెయ్యొచ్చు. అప్పుడు బాధ ఉంటుంది, కానీ ఆ బాధ పేరు స్నేహం పోవడం అని మీకు తెలుస్తుంది. ఇప్పుడు దానికి కార్బన్ అని పేరు పెట్టుకుని తిరుగుతున్నారేమో అని నా అనుమానం. ఫోన్ చెయ్యడం ఇష్టం లేకపోతే మానెయ్యండి, కొత్తవాళ్లతో వెళ్లండి. కాకపోతే పదేళ్ల స్నేహం ఒక తొక్క దగ్గర ఆగిపోయిందన్న మాట మీతోనే ఉంటుంది.

బాబు సంగతి. నడుస్తూనో పరుగెత్తుతూనో చెత్త ఏరడం మంచి వ్యాయామమే. స్వీడన్‌లో 2016లో దానికి "ప్లాగింగ్" అని పేరు కూడా పెట్టారు. వంగి లేవడం వల్ల తొడలకి, నడుముకి పని. చేతికి మందపాటి గ్లౌజులు వేసుకోండి, గాజుపెంకులు, సూదులు ముట్టుకోకండి. అయితే అది మీ సరదా, వాడిది కాదు. పదకొండేళ్లవాడికి పార్కు అంటే పరుగెత్తడం, చెట్టెక్కడం, బురద తొక్కడం. వాడితో వెళ్లిన రోజున సంచి ఇంట్లో వదిలెయ్యండి. కింద ప్లాస్టిక్ కవర్ కనపడుతుంది, మీ చెయ్యి లాగుతుంది, తెలుసు. ఒక్క గంట ఓర్చుకోండి. ఏరడానికి ఇంకో రోజు మీరు ఒక్కరే వెళ్లండి. ఎప్పుడో వాడే ఒక సీసా తీసి మీ చేతికిస్తే ఇవ్వనివ్వండి, ఇవ్వకపోతే పట్టించుకోకండి.

ట్రెడ్‌మిల్ వద్దనే అంటాను. బయటి గాలికోసం బెంగపెట్టుకున్న మనిషి గదిలో గోడ చూస్తూ ఎన్నాళ్లు నడుస్తారు? మూడు నెలల తర్వాత దాని మీద తువ్వాళ్లు ఆరేస్తారు.

మీ పేజీన్నరకీ జవాబు చెప్పాలి కదా. అమెరికాలో ఎంఐటీ పరిశోధకులు 2013లో లెక్కగడితే ఒక జత పరుగు షూస్ వెనక సుమారు 14 కిలోల కార్బన్ డయాక్సైడ్ తేలింది, అందులో ఎక్కువ భాగం తయారీలోనే. అంటే ఒక్క కొండ ప్రయాణంలో మీ వాటాకి కాస్త ఎక్కువ. చిరిగేదాకా వాడండి, చిరిగాక కొనుక్కోండి, మధ్యలో మథనపడకండి. ఫ్లీస్ మీద మీ భయం ఉత్తది కాదు. బ్రిటన్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో చూస్తే 6 కిలోల ఆక్రిలిక్ బట్టలు ఒక్కసారి మెషీన్‌లో వేసినా 7 లక్షలకు పైగా పోగులు ఊడొచ్చాయి, పాలిస్టర్‌ది దాదాపు 5 లక్షలు. కాబట్టి జాకెట్ పారెయ్యకండి, తక్కువసార్లు ఉతకండి. చెమటపట్టే లోపలి బట్ట రోజూ ఉతికి, జాకెట్ గాలికి ఆరేస్తే చాలు. ఉతికినప్పుడు చన్నీళ్లతో, మెషీన్ నిండుగా వేసి ఉతకండి. ఇక "పర్యావరణహితం" అని రాసున్న కొత్త సరుకు జోలికి పోకండి. నేను ఆ మాట చూసి నీళ్ల సీసాలు మూడు కొన్నాను, ఇంట్లో అప్పటికే రెండు ఉన్నాయి.

మీ భర్త అన్నదాన్ని వెక్కిరింతగా రాశారు మీరు. నాకలా వినపడలేదు. ఒకరోజు సాయంత్రం "పద, కాసేపు నడుద్దాం" అని ఆయన్నే పిలిచి చూడండి, ఏమంటారో.

ఆఖరికి ఆ షూస్. మట్టిని గుమ్మం బయట దులపకండి, కాగితం పరిచి పాత బ్రష్‌తో రాల్చి చెత్తబుట్టలో వెయ్యండి. కొండ మట్టిలో అక్కడి మొక్కల గింజలు ఉంటాయి, ఒకచోటివి ఇంకోచోట మొలవడం మంచిది కాదు. తర్వాత మడమ దగ్గర సోల్‌ని బొటనవేలితో గట్టిగా నొక్కండి. కొండ షూస్‌లో మధ్య పొర చాలావాటికి పాలీయురేథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్ నురగతో చేస్తారు, గాలిలో తేమకి అది లోపల్లోపలే చివికిపోతుంది, తొడక్కుండా అరలో పెట్టినవాటికి ఇంకా త్వరగా. పొడిపొడిగా రాలితే వాటితో కొండెక్కకండి, చెప్పులు కుట్టేవారి దగ్గరికి తీసుకెళ్లి కొత్త సోల్ పడుతుందేమో అడగండి. గట్టిగానే ఉంటే రేపు సాయంత్రం వేసుకుని వీధి చివరిదాకా వెళ్లి రండి.